ఫ్రిజ్ మీద ఫిగ్మెంట్

ఆ పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. స్పోర్ట్స్ బూట్లు తొడుక్కోవాలి, మెడలో తువ్వాలు వేసుకోవాలి, వాకింగుకని బయటపడాలి. వీధి మలుపులో ఉన్న లాండ్రీ షాపు వెనక గదిలో, ఉతికిన దుప్పట్ల మూటల మీద కమ్మగా ఒక కునుకు తీయాలి. ఆ తర్వాత మొహాన నాలుగు నీటి చుక్కలు చిలకరించుకుని, చెమటలు కక్కుతూ వచ్చినట్టు ఇంటికి రావాలి. బీపీ ఉంది, రోజూ నడవమని డాక్టరు చెప్పిన దగ్గర్నుంచీ ఆయన నడక ఇలాగే నడుస్తోంది. లాండ్రీ అతను చిన్ననాటి స్నేహితుడు కాబట్టి గుట్టు బయటపడలేదు.

మంచినీళ్ల సీసా కోసం ఫ్రిజ్ దగ్గరికి వెళ్లాడు. తలుపు మీద పసుపుపచ్చ చీటీ ఒకటి అతికించి ఉంది. దాని మీద భార్య గుండ్రటి చేతిరాతతో ఒక ఇంగ్లీషు వాక్యం: "హిజ్ మార్నింగ్ వాక్ ఈజ్ ఎ ఫిగ్మెంట్ ఆఫ్ హిజ్ ఇమాజినేషన్." ఒక్క మాట తప్ప అన్నీ తెలిసిన మాటలే. ఆ ఒక్కదాన్నీ ఫోనులో వెతికాడు. ఊహలో తప్ప ఎక్కడా లేనిది అని అర్థం వచ్చింది.

"ఏమిటే ఇది?" అన్నాడు, వీలైనంత మామూలుగా.

"హోంవర్కండీ. ఫిగ్మెంట్ వెనకాల ఆఫ్ ఇమాజినేషన్ తప్పకుండా రావాలన్నారు మేడమ్. వచ్చింది కదా?" అంది ఆవిడ, పొయ్యి మీదనుంచి చూపు తిప్పకుండా.

ఆవిడ కొన్నాళ్లుగా సాయంత్రాలు ఇంగ్లీషు క్లాసుకు వెళ్తోంది. అక్కడి మేడమ్‌కు ఒక పద్ధతుంది. వారానికి ఒక కొత్త మాట ఇస్తారు. దానితో సొంత ఇంటి గురించి, ఇంట్లోవాళ్ల గురించి వాక్యాలు రాసి, కళ్లకు కనబడే చోటల్లా అతికించుకోవాలి. ఈ సంగతి గుమాస్తాకు తెలియనిదేం కాదు. కానీ ఆయన పనిచేసేది పార్సిల్ ఆఫీసులో. పైన రాసింది చూసి లోపలిదాన్ని నమ్మే అలవాటు ఆయనకు ఎప్పుడో పోయింది. 'పాత బట్టలు' అని రాసి ఉన్న డబ్బాను ఊపి, వాసన చూసి, నూనె సీసా అని తేల్చగల మనిషి. హోంవర్కట, హోంవర్కు. లోపల ఏముందో ఎవరు చూశారు?

తిన్నగా లాండ్రీకి వెళ్లి స్నేహితుణ్ణి నిలదీశాడు. మా ఆవిడతో ఏం వాగావని అడిగాడు. ఏమీ వాగలేదని అతను ఒట్టు పెట్టుకున్నా వినలేదు. చివరికి అతనికి ఒళ్లు మండింది. అనుమానం ఉన్నవాడు నా దుప్పట్ల మీద పడుకోనక్కర్లేదని మొహం మీదే చెప్పి, ఇస్త్రీ పెట్టె అందుకున్నాడు. ఆ విధంగా గుమాస్తాకు కునుకూ పోయింది, స్నేహమూ పోయింది.

ఇంటికొచ్చేసరికి తల్లి అద్దం ముందు నిలబడి ఉంది. అద్దం మీద రెండో చీటీ.

"చదవరా. నా మీదేనా?" అంది.

చదివి అర్థం చెప్పక తప్పలేదు. అత్తయ్యగారి మోకాలినొప్పి కూడా ఊహేనట. పెద్దావిడ కొడుకు వంక ఎగాదిగా చూసింది. కోడలు క్లాసుకు వెళ్లగానే ఆవిడ చకచకా మేడెక్కి, పక్కింటావిడతో పిట్టగోడ మీదుగా కబుర్లాడి, కోడలు వచ్చే వేళకు కుంటుకుంటూ మంచం చేరడం కొడుకు ఒక్కడే చూశాడు మరి.

"కన్నతల్లిని పట్టిచ్చావన్నమాట" అని, తడిబట్టల బకెట్టు తీసుకుని, మోకాళ్ల ఊసే లేకుండా మేడమెట్లు ఎక్కేసింది. ఆ పూటంతా కొడుకుతో మాట్లాడలేదు.

మూడో చీటీ వీధి తలుపు మీద ఉంది. ఇంటి ఓనరు బాగుచేయిస్తానంటున్న నీళ్ల మోటారు గురించి. ఆయన పొద్దున పేపరు కోసం దిగినప్పుడు చదివాడు కాబోలు, సాయంత్రానికల్లా మెకానిక్కు వచ్చి మోటారు విప్పి కూర్చున్నాడు. ఓనరు గుమాస్తాను పక్కకు పిలిచి, ఏదైనా ఉంటే మొహం మీద చెప్పాలి గానీ తలుపులకు అంటిస్తారా అని చాలా నొచ్చుకున్నాడు.

అప్పుడు మొదలైంది గుమాస్తాకు అసలు వణుకు. పెట్టిన చీటీ పెట్టినట్టే తగులుతోంది. అయితే ఇది హోంవర్కు కాదు, విచారణ. వరస చూస్తే పెద్ద కేసుకు ఇంకెంతో దూరం లేదు.

పెద్ద కేసు ఏమిటంటే ఉద్యోగం. బజారులో ఉన్న పళ్ల డాక్టరు క్లినిక్కులో రిసెప్షనుకు మనిషి కావాలని తెలిసి ఆవిడ సంబరపడుతూ చెప్పిన రోజున, గుమాస్తా నోరు ఊరికే ఉండలేదు. ఆ డాక్టరు తన క్లాస్‌మేటేనన్నాడు, ఒకే బెంచీ అన్నాడు, ఒక్క మాట చెబితే చాలన్నాడు. తర్వాత ఆవిడ అడిగినప్పుడు, చెప్పేశాను, నీ పేరు రాసుకున్నాడని కూడా అన్నాడు. ఆ డాక్టరును ఆయన ఎరిగింది బోర్డు మీద పేరు వరకే.

మర్నాడు ఆఫీసులో క్యారేజీ విప్పితే మూత లోపల నాలుగో చీటీ. కొన్ని స్నేహాలు ఊహలో తప్ప ఎక్కడా ఉండవు అని దాని సారాంశం. గుమాస్తా తినకుండానే మూత పెట్టేశాడు. సోమవారం క్లినిక్కుకు వెళ్లాలని ఆవిడ అప్పటికే చెప్పి ఉంది. అక్కడ నలుగురి ముందు ఫలానావారి భార్యనని ఆవిడ చెప్పుకోవడం, ఆయనెవరని డాక్టరు అడగడం, ఆవిడ మొహం చిన్నబోవడం, అన్నీ కళ్లకు కట్టాయి. అంట్లు తోముతూ కూడా వాక్యాలు వల్లెవేసుకున్న మనిషి. తన గొప్పల కోసం ఆవిడ పరువు తీస్తున్నానే అని మొదటిసారి ఆయనకు నిజంగా సిగ్గేసింది.

సోమవారం లోపల ఆ అబద్ధాన్ని నిజం చేసెయ్యాలనుకున్నాడు. సెలవు పెట్టి క్లినిక్కుకు పరిగెత్తాడు. రిసెప్షన్ కుర్చీ ఖాళీగా ఉంది. కాంపౌండరు అడ్డం వచ్చి, పంటినొప్పి అయితేనే లోపలికి పంపుతానన్నాడు. గుమాస్తా వెంటనే దవడ పట్టుకున్నాడు. పేరూ అడ్రసూ రాయించుకుని లోపలికి తోశారు.

"డాక్టరుగారూ, మా ఆవిడ సంగతి..."

"నోరు తెరవండి" అన్నాడు డాక్టరు.

తెరిచిన నోరు మళ్లీ మూయనివ్వలేదు. గుమాస్తా తెచ్చుకున్న నొప్పి అబద్ధమే గానీ, లోపలి పన్ను మాత్రం నిజంగానే పుచ్చిపోయి ఉంది. ఇంత పుచ్చినా ఇన్నాళ్లూ ఎలా ఓర్చుకున్నారండీ అని మెచ్చుకుంటూ డాక్టరు సూది పొడిచాడు. గుమాస్తా చేతులూపాడు, కాళ్లూపాడు, మూలిగాడు. భయపడకండని ధైర్యం చెప్పి పన్ను పీకేసి, నోటినిండా దూది కుక్కాడు. అప్పుడు కాగితం మీద అడ్రసు చూశాడు.

"అరె, మీరు మా కొత్త రిసెప్షనిస్టు గారి భర్తా? సోమవారం చేరుతున్నారుగా ఆవిడ" అన్నాడు.

గుమాస్తా కళ్లు తేలేశాడు. మొన్ననే ఇంటర్వ్యూ అయిందని డాక్టరు చెప్పుకుపోయాడు. ఎవరి రికమెండేషన్ అయినా ఉందా అని అడిగితే, మావారి రికమెండేషన్ ఈజ్ ఎ ఫిగ్మెంట్ ఆఫ్ హిజ్ ఇమాజినేషన్ సార్ అందట. అంత కష్టమైన మాటను అంత కరెక్టుగా, అంత నిజాయితీగా వాడిన మనిషిని వదులుకోబుద్ధి కాలేదట.

ఇంటికొచ్చి గుమాస్తా కుర్చీలో కూలబడ్డాడు. వాచిన బుగ్గ చూసి ఆవిడ కంగారుగా ఐసు ముక్కలు గుడ్డలో కట్టి తెచ్చింది. దూది తీసీ తీయగానే ఆయన దాచుకోకుండా అన్నీ కక్కేశాడు. క్లాస్‌మేటు అబద్ధమన్నాడు, బెంచీ అబద్ధమన్నాడు, రికమెండేషన్ అబద్ధమన్నాడు, వాకింగు అబద్ధమన్నాడు, లాండ్రీ దుప్పట్లతో సహా చెప్పేశాడు. క్షమించమన్నాడు.

"డాక్టరు మీకంటే పదేళ్లు చిన్నవాడండీ. మీ బెంచీలో ఎలా కూర్చున్నాడా అని చూడగానే అనుకున్నాను. మీ అంతట మీరే చెబుతారేమోనని, ఉద్యోగం వచ్చిన సంగతి కూడా దాచి, ఆ ఒక్క చీటీ క్యారేజీలో పెట్టాను" అంది ఆవిడ. ఐసు గుడ్డ ఆయన బుగ్గకు ఆనిస్తూ, "వాకింగు అబద్ధమేమిటి?" అని అడిగింది.

"మరి ఫ్రిజ్ మీద రాశావుగా?" అన్నాడు గుమాస్తా.

"అది నిజంగా హోంవర్కేనండీ. మోటారు సంగతి అందరికీ తెలిసిందే. మీ వాకింగూ, అత్తయ్య మోకాలూ మాత్రం నిజమని నేను ఎంతో నమ్మినవి కాబట్టి, వాటి మీద రాస్తే ఎవరూ నొచ్చుకోరని రాశాను."

లోపలి గదిలో పెద్దావిడ చప్పుడు చేయకుండా మంచం మీద పడుకుని, మోకాళ్ల దాకా దుప్పటి లాక్కుంది.

మర్నాడు పొద్దున ఫ్రిజ్ మీద చీటీ లేదు. ఆవిడే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడి ఉంది. అప్పట్నుంచీ వాకింగుకు ఇద్దరూ వెళ్తున్నారు. లాండ్రీ ముందు నుంచి పోయేటప్పుడు మాత్రం తల ఒక్కరే దించుకుంటున్నారు.