మరియదాసు గుండెలో కరెంటు

పరామర్శకు వచ్చే జనాన్ని ఎవరైనా తిడితే నేను ఊరుకోను! రోగి లేచి తిరుగుతున్నాడంటే సగం పుణ్యం వాళ్లదే. నమ్మరా? మా పామర్రు మరియదాసు సంగతి వినండి.

మరియదాసు చర్చిలో డోలక్ వాయిస్తాడు. గుండె పైభాగంలో పుట్టే కరెంటు కింది గదులకు సరిగా అందక, ఓ రోజు నడుస్తూ నడుస్తూ కళ్లు తిరిగి పడిపోయాడు. విజయవాడలో పేస్‌మేకర్ పెట్టారు. అందని సిగ్నల్‌ని అది అందిస్తుంది, గుండె వేళకు కొట్టుకుంటుంది. గాయం మానాక డాక్టరమ్మ, "ఇక డోలక్ వాయించుకోండి" అని కూడా చెప్పింది. ఆయనకు కావలసిందీ అదొక్కటే.

డాక్టరు చెబితే సరిపోతుందా, మన జనం ఉండగా?

పక్కింటి వెంకటప్పయ్యగారు రబ్బరు చెప్పులు విప్పకుండానే లోపలికొచ్చారు. "ఒంట్లో కరెంటున్న మనిషి కదండీ, మన జాగ్రత్తలో మనముండాలి" అంటూ గుమ్మం దగ్గరే కుర్చీ వేయించుకున్నారు. ఫ్యాను స్విచ్ ముట్టుకోవద్దన్నారు. మిక్సీ వేస్తే గుండె స్పీడందుకుంటుందని, చర్చి నుంచి చూడ్డానికొచ్చిన శౌరమ్మగారు తేల్చేశారు. హనుమాన్ జంక్షన్ నుంచి దిగిన బావమరిదికి ఒకటే దిగులు. "కరెంటు పోతే బావ పరిస్థితేంటక్కా?" ఇన్వర్టరు కొనమని చెప్పి, తాను తెచ్చిన యాపిల్స్ తానే తినేసి వెళ్లాడు. ఫీజు లేని వైద్యం ఇంకెక్కడ దొరుకుతుంది చెప్పండి!

ఎన్ని లాభాలో చూడండి. మరియదాసు ఒక్క స్విచ్ వెయ్యక్కర్లేదు, అన్నీ భార్య అమలమ్మే. ఇంట్లో రోటి పచ్చళ్లు మళ్లీ మొదలయ్యాయి. చర్చిలో ఆయనకు ఎవరూ షేక్‌హ్యాండ్ ఇవ్వడం లేదు, వందనాలు దూరం నుంచే. జలుబులు కూడా తగ్గాయి!

ఒక్కటే చిక్కు. ఆ దరువుకు మెషిన్ అదిరిపోతుందని డోలక్ మాత్రం ఎవరూ ఆయన చేతికివ్వలేదు. ఆదివారం పాట మొదలవగానే ఆయన వేళ్లు తొడ మీద ఆడాయి. పక్కనున్న పాల్ తన చేతికి కర్చీఫ్ చుట్టుకుని మరీ ఆ వేళ్లను పట్టి ఆపాడు. మరియదాసు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకూ కష్టంగానే అనిపించింది.

అమలమ్మ ఇక ఆగలేదు. భర్తను వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికెళ్లి, "మేము ఎవరి మాట వినాలండీ?" అని అడిగేసింది.

"గుండెలో కరెంటు ఒక్కచోట పుట్టి వరసగా కిందికి దిగాలమ్మా. ప్రతి మూలా నేనే పెద్దనంటూ సిగ్నల్ పంపితే గుండె వణుకుతుందే గానీ కొట్టుకోదు. మనిషి నిమిషాల్లో పోతాడు. ఫోన్ మాత్రం మెషిన్‌కి దగ్గరగా, చొక్కా జేబులో పెట్టుకోనివ్వకండి, చాలు. డోలక్ ఇచ్చెయ్యండి."

పై ఆదివారం అమలమ్మే డోలక్ తెచ్చి ఆయన ఒళ్లో పెట్టింది. ఎంత హాయిగా వాయించాడనుకున్నారు! పాటలు అయిపోయినా ఆయన చేతులు ఆగలేదు.

ఆరాధన అయ్యాక శౌరమ్మగారు అమలమ్మను పక్కకు పిలిచి, "మేమంతా ఇన్ని జాగ్రత్తలు చెప్పబట్టి గదా బతికి బట్టకట్టాడు!" అన్నారు.

ఆవిణ్ని నేను తప్పుపట్టను. అంతమంది చెప్పినా ఆగకుండా కొట్టుకుందంటే, అది మామూలు గుండె కాదండీ!