స్నానాల గదిలో సంపూర్ణ బంద్

మానవజాతి నిప్పు కనిపెట్టిన తర్వాత మళ్లీ అంతటి ఘనకార్యం, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వృద్ధాశ్రమాల యజమానులు కలిసి తమకు తామే బీమా సంఘం పెట్టుకోవడం. ఆశ్రమంలో ఎవరికైనా దెబ్బ తగిలి, తప్పు ఆశ్రమానిదని తేలితే సంఘం పరిహారం ఇస్తుంది. తప్పు ఎవరిదో తేల్చేదీ సంఘమే. (సంఘమంటే ఆ యజమానులే. బయటివాళ్లకు ఈ లోతు అందదు.) ఏడేళ్లుగా నేను ఆ సంఘం గుమాస్తాని. ఒక్క తప్పూ తేలలేదు.

2011లో ఒక తెలంగాణ బంద్ రోజున, లలితకుమారి గారి ఆశ్రమంలో ఉండే డెబ్బై ఆరేళ్ల యాదలక్ష్మి స్నానాల గదిలో జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. లలితకుమారి గారు ఫారంలో 'పడిన సమయం: ఉదయం 5.50' అని నిజమే రాశారు. (పాపం, కొత్త సభ్యురాలు.)

పదకొండో నిబంధన ప్రకారం బంద్ వేళ జరిగే ప్రమాదాలకు సంఘం పూచీ లేదు. కానీ బంద్ మొదలయ్యేది ఆరింటికి. ఆ పది నిమిషాలు అడ్డం వచ్చాయి.

అధ్యక్షులు గంగాధరరావు గారిది కృష్ణా జిల్లా. టీవీలో బంద్ మాట వినిపిస్తే ఛానల్ మార్చేస్తారు. కార్యదర్శి అంతయ్యది నల్లగొండ. ప్రతి రాస్తారోకోలోనూ ముందు వరుసే. ఇద్దరికీ రెండేళ్లుగా మాటల్లేవు. ఏదున్నా నాతో చెప్పి మినిట్స్‌లో రాయించేవారు.

"ఆ రోజు బంద్ తెల్లారకముందే సంపూర్ణంగా మొదలైపోయిందండీ. నేను కళ్లారా చూశాను," అన్నారు గంగాధరరావు గారు.

"గదే గద నేను జెప్పేది! మా బంద్ గడియారం జూసి మొదలైతదా?" అన్నాడు అంతయ్య. ఇద్దరూ చేతులు కలిపారు.

అయినా న్యాయం అనేది ఒకటుంది కనుక ఐదుగురు సభ్యులు స్థల పరిశీలనకు వెళ్లారు. చెప్పులు విడిచి, ప్యాంట్లు పైకి మడిచి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తడి టైల్స్ మీద అటు గోడ దాకా వెళ్లి తిరిగొచ్చారు. ఎవరూ పడలేదు. 'నేల జారదు' అని రాయమన్నారు. రాశాను.

గుమ్మంలో యాదలక్ష్మి కట్టుతో నిలబడి చూస్తోంది.

"పైసలేం వద్దు సారూ. మీరు ఐదుగురు చేతులు పట్టుకొని పోయిండ్రు. నేనొక్కదాన్నే పోవాలె. గా గోడకు జర ఓ కడ్డీ పెట్టియ్యుండ్రి. గీ చెయ్యి గూడ ఇరిగితె నా బువ్వ నేను తిననీకి రాదు."

'అభ్యర్థన: గోడకు కడ్డీ' అని మినిట్స్‌లో రాశాను. (ఇది ఎవరూ రాయమనలేదు.)

సంఘం అరగంట చర్చించింది. ఇప్పుడు కడ్డీ పెడితే, ఇంతకాలం పెట్టకపోవడం తప్పని ఒప్పుకున్నట్టే. ఒక ఆశ్రమంలో ఒప్పుకుంటే పదిహేడు ఆశ్రమాల్లోనూ ఒప్పుకోవాలి. అభ్యర్థన తిరస్కరించారు. రెండు ప్రాంతాలవాళ్లూ చేతులెత్తారు. తల దించుకునే అయినా, లలితకుమారి గారూ ఎత్తారు.

యాదలక్ష్మికి జవాబు నేనే టైపు చేశాను: 'చెయ్యి పట్టుకునే సౌకర్యం సంఘ సభ్యులకు మాత్రమే.'