అధ్యక్షుల వారి గుహకి ఏసీ

మంచుకొండల పక్కన ఒక పెద్ద అడవి ఉండేది. ఏడాదిలో ఎక్కువ భాగం అక్కడ నీళ్ళు తాగాలంటే ముందు వాటిని పగలగొట్టాలి. అలాంటి అడవిలో ఇంటింటికీ ఏసీ ఉండేది.

నవ్వకండి. దానికి కారణం అధ్యక్షుల వారు.

అడవి సభకి అధ్యక్షుడు ఎలుగుబంటి భల్లూకరావు గారు. మొదటి మంచు రాలకముందే గుహలో దూరి పడుకుంటారు, పూలు పూశాక లేస్తారు. అందుచేత పుట్టి బుద్ధెరిగాక ఆయన చలికాలం చూడలేదు. తాను చూడనిది లోకంలో లేనే లేదని ఆయన సిద్ధాంతం.

ఒక వేసవిలో ఆయన కొండ దిగి, మనుషుల అతిథిగృహం కిటికీలోంచి ఏసీ చూసి వచ్చారు. "మనుషులకున్నది మనకెందుకు లేదు?" అన్నారు. ఆ మాట నోట్లోంచి పూర్తిగా రాకముందే నక్క నాగలింగం కాంట్రాక్టు పట్టేశాడు.

నాగలింగం ఏసీ చాలా సులువైన యంత్రం. బిలం గోడకి కన్నం పొడుస్తాడు. ఆ కన్నంలో వెదురు జాలీ బిగిస్తాడు. బయట గాలి లోపలికొస్తుంది. అయిపోయింది.

బిగించడం ఉచితం. సర్వీసుకి మాత్రం ఛార్జీ. చలికాలం మొదట్లో ఒకటి, నడిమధ్యలో ఒకటి. ఛార్జీ ఒక మోపు ఎండుగడ్డి. ఆ అడవిలో ఎండుగడ్డి అంటే పరుపు, దుప్పటి, ప్రాణం. సర్వీసు చేయించని బిలం ప్రమాదకరమని సభ తీర్మానం. దాన్ని మూసి రాయి పెట్టేస్తారు.

కుందేలు పున్నమ్మ బిలంలో కిందటేడు ఒక పిల్ల చలికి పోయింది. ఈ ఏడు మళ్ళీ ఈనింది. పిల్లలకింకా బొచ్చు సరిగ్గా రాలేదు. కన్నంలో గడ్డి దట్టంగా కుక్కి, వాటిని పొట్ట కింద పెట్టుకుని కూర్చుంది.

నాగలింగం వచ్చాడు. జాలీ ఊడదీసి, కుక్కిన గడ్డంతా బయటికి లాగాడు.

"ఏంటమ్మా ఇది? ఫిల్టర్ నిండా చెత్త! ఇలా వాడితే మెషీను ఎన్నాళ్ళుంటుంది?"

"అది చెత్త కాదు, నేను పెట్టిన గడ్డి. పిల్లలు వణికిపోతున్నారు నాగలింగం గారూ."

"చల్లగా వస్తోందా?"

"వస్తోంది. అదేగా నా ఏడుపు!"

"అంటే మెషీను బ్రహ్మాండంగా పనిచేస్తోందన్నమాట. ఛార్జీ ఒక మోపు." చెత్త అన్న గడ్డి ఒక చంకన, ఛార్జీ గడ్డి ఇంకో చంకన పెట్టుకుని బయల్దేరాడు. "నడి చలికాలం సర్వీసుకి మళ్ళీ వస్తా. గడ్డి రెడీగా ఉంచు తల్లీ."

పక్క బిలం ముళ్ళపంది శూలప్ప బయటికొచ్చి ముళ్ళన్నీ నిక్కబొడిచాడు. "అన్యాయం! సభలో నిలదీస్తా చూడు!"

"పద బాబాయ్, రేపే సభ" అంది పున్నమ్మ.

మర్నాడు సభలో అడుగుపెట్టగానే శూలప్ప ముళ్ళన్నీ బుద్ధిగా పడుకున్నాయి. దువ్వినట్టున్నాయి. పున్నమ్మే లేచింది.

"అయ్యా, ఈ ఏసీలు వద్దు. చలికాలం వచ్చేస్తోంది, పిల్లలు చచ్చిపోతారు."

భల్లూకరావు గారు ఆవలించారు. పడుకునే రోజులు దగ్గరపడ్డాయి కదా. "చలికాలం, చలికాలం! ఏటా ఈ గోలే. ఇన్నేళ్ళుగా అధ్యక్షుణ్ణి, నాకెప్పుడూ కనబడలేదే? గిట్టనివాళ్ళు పుట్టించిన పుకారమ్మా అది."

"ఆ టైములో తమరు నిద్రపోతుంటారు కదయ్యా!"

"నిద్ర కాదు. దీర్ఘాలోచన."

సభ చప్పట్లు కొట్టింది. నాగలింగం మీసం దువ్వుకున్నాడు. పున్నమ్మ కూర్చోబోయింది. పొట్ట కింద వణికే పిల్లలు గుర్తొచ్చారు. మళ్ళీ లేచింది. ఈసారి గొంతు మార్చింది.

"తప్పయిపోయిందయ్యా, నాకు తెలియక అన్నాను. అయినా నా బాధ అది కాదు. నాలాంటి దిక్కులేని కుందేలుకి ఏసీ ఉంది. అధ్యక్షుల వారి గుహకి లేదు! పక్క అడవివాళ్ళు వింటే ఏమనుకుంటారు?"

సభ గతుక్కుమంది. భల్లూకరావు గారి ఆవలింత సగంలో ఆగింది.

"అవునూ, నాకు లేదేం?"

నాగలింగం తడబడ్డాడు. "సార్‌కి ఎందుకండీ... సార్ గుహ సహజంగానే..."

"ఎందుకేమిటయ్యా? నేను కుందేలు కంటే తీసిపోయానా?"

"రెండు టన్నులది పెట్టించండయ్యా!" అని అందుకుంది పున్నమ్మ. "పదవికి తగ్గట్టుండాలి. సర్వీసు కూడా ముందు తమ గుహలో చేసి, ఆ తర్వాతే మా బిలాలకి రావాలి. అందరం వచ్చి కళ్ళారా చూస్తాం. ఒక్కసారి సర్వీసు తప్పినా కాంట్రాక్టు రద్దు. తమ గౌరవం మాటేమిటి మరి?"

"ఆమోదించాం" అన్నారు భల్లూకరావు గారు. ఛార్జీ కింద తేనెపట్టు ఇస్తామన్నారు. తేనె పేరు వినగానే నాగలింగం బుర్ర పనిచేయడం మానేసింది.

రెండు టన్నులంటే పెద్ద కన్నం. నాగలింగం అంత కన్నమూ పొడిచి, అధ్యక్షుల వారు పడుకోగానే దాన్ని గడ్డితో బిగించేశాడు. వాడికి తెలుసు, చలంటే ఏమిటో. వాడింట్లో మాత్రం ఏసీ లేదు. అడవి గడ్డంతా ఉంది.

నడి చలికాలం వచ్చింది. మిట్టమధ్యాహ్నం కూడా చెట్ల కొమ్మలు మంచు బరువుకి విరుగుతున్నాయి. పున్నమ్మ పిల్లల్లో ఒకటి కదలడం మానేసింది. చెవి ఆనిస్తే గుండె మాత్రం కొట్టుకుంటోంది. పున్నమ్మ దాన్ని శూలప్ప భార్య ఒళ్ళో పెట్టి, అడవినంతా వెంటేసుకుని నాగలింగం ఇంటికెళ్ళింది.

"సర్వీసు టైమయింది నాగలింగం గారూ. అధ్యక్షుల వారి గుహకి పదండి."

"ఇప్పుడా? సార్‌ని డిస్టర్బ్ చేయడం బాగుండదమ్మా."

"అయితే కాంట్రాక్టు రద్దు. అందరం సాక్షులమే" అంది పున్నమ్మ. శూలప్ప ముళ్ళు మొదటిసారి ఒక నక్క ముందర లేచాయి.

నాగలింగం గుహలోకెళ్ళాడు. మెల్లగా, బతిమాలుతున్నట్టు, గడ్డి లాగాడు. కొండ మీది గాలి ఇన్నేళ్ళుగా ఆ గుహలోకి రావాలని కాచుకుని ఉన్నట్టుంది. ఒక్క ఊపున దూరింది. అధ్యక్షుల వారి ముక్కు మీద మంచు పేరుకుంది.

ఆయన కళ్ళు తెరిచారు.

నాగలింగం భయంతో వెనక్కి జరిగాడు. నాలుక అలవాటు కొద్దీ ఏళ్ళుగా అనే మాటే అనేసింది.

"చ... చల్లగా వస్తోందా సార్?"

భల్లూకరావు గారు పళ్ళు టకటకలాడిస్తూ బయటికి చూశారు. "ఈ తెల్లటిదంతా ఏమిటి? ఎవరు చల్లారు?"

"చలికాలం అయ్యా" అంది గుమ్మంలోంచి పున్నమ్మ. "తమరు పుకారన్నారే, అదే."

ఆయన లేచారు. నాగలింగాన్ని మెడ పట్టుకుని ఎత్తి కన్నంలో కుక్కారు. కొలిచి చేసినట్టు సరిపోయాడు. తోక లోపల, తల బయట. గాలి ఆగిపోయింది. "ఆ కన్నాలన్నీ మూసేయండి" అని గొణిగి, అధ్యక్షుల వారు దీర్ఘాలోచనలో మునిగిపోయారు.

అడవి నాగలింగం ఇంటి మీద పడి ఎవరి గడ్డి వాళ్ళు తెచ్చుకుంది. పున్నమ్మ కన్నం మూసి, పరుపు వేసి, ఆ పిల్లని మధ్యలో పెట్టి మిగతా పిల్లలందరితో కప్పింది. సాయంత్రానికి అది తల్లి చెవి కొరికింది. అప్పుడు ఏడ్చింది పున్నమ్మ.

తెల్లారి గుహ వెనక్కెళ్ళి చూసింది. నాగలింగం మీసాలకి మంచు వేలాడుతోంది.

"చల్లగా వస్తోందా నాగలింగం గారూ?"

వాడు పూలు పూసేదాకా అలాగే ఉన్నాడు. భల్లూకరావు గారు లేచి, ఒళ్ళు విరుచుకుని, సభ పిలిచి, తాను స్వయంగా చలికాలాన్ని కనిపెట్టినట్టు ప్రకటించారు. సభ చప్పట్లు కొట్టింది. శూలప్ప అందరికంటే గట్టిగా కొట్టాడు. పున్నమ్మ రాలేదు. పిల్లలు గంతులేస్తుంటే వాటి వెనక పరిగెత్తడానికే ఆవిడకి తీరిక లేదు.

నీతి: చలేస్తోందని పెద్దలకి అర్జీ పెట్టకండి, వాళ్ళ గోడకి కన్నం పెట్టించండి.