అందరికీ ఒకే సగటు కాలు

యావన్మంది ప్రజలకు తెలియజేయడమేమనగా, సైబరాబాదులో ఇకమీదట పక్షపాతం కాలు పెట్టలేదు. పెడదామన్నా దానికి సరిపోయే కాలు దొరకదు. ఉపకరణాల సమన్యాయ పంపిణీ విభాగం వారు అంత పకడ్బందీగా ఏర్పాటు చేశారు.

సంగతేమిటంటే, పోయినేడాది దాకా కృత్రిమ కాళ్ళు ఎవరి కొలతకు వారికి చేసి ఇచ్చేవారు. పొడుగువాడికి పొడుగు కాలు, పొట్టివాడికి పొట్టి కాలు! రెండువేల సంవత్సరం గుమ్మంలో నిలబడి ఇంత పచ్చి వివక్షను చూస్తూ ఊరుకోవడం విభాగాధిపతి విశ్వేశ్వరరావుగారి వల్ల కాలేదు.

"ఒకరికి పద్దెనిమిది అంగుళాలూ, ఇంకొకరికి పదమూడూనా? మధ్యలో అయిదంగుళాలు ఎవరు మింగినట్టండీ?" అని ఆయన సభలో గర్జించగా హాలంతా చప్పట్లు మోగాయి. చంకకర్రల మీద వచ్చినవాళ్ళు మాత్రం కొట్టలేదు. చేతులు ఖాళీ లేవు.

వెంటనే కంప్యూటర్ దిగింది. కొండాపూర్ నుంచి లింగంపల్లి దాకా రెండు వందల పదకొండు మంది అర్జీదారుల కొలతలు అందులో పోశారు. అది ఆర్నెల్లు కాలయాపన చేసి (కాళ్ళ వ్యవహారం కదా, కాలయాపన కాక మరేం చేస్తుంది?) సగటు తేల్చింది: పదహారుంపావు అంగుళాలు. కుడి ఎడమలకు కూడా సగటు తీస్తే బొటనవేలు పాదానికి నడిమధ్య తేలింది. చెక్క కాళ్ళన్నీ అదే అచ్చున దిగాయి. ఒక్కరికీ సరిపోలేదు. అంటే ఒక్కరికీ అన్యాయం జరగలేదన్నమాట! దీన్నే హై టెక్కు అంటారు.

ఆ రెండు వందల పదకొండు మందిలో యాదయ్య ఒకడు. మన అద్దాల మేడలకు రోడ్డు వేయడానికి బండలు పేలుస్తుంటే, బండతోపాటు అతని కాలూ పోయింది. అదే మేడలో ఒక కంపెనీవారు జాలిపడి గేటు దగ్గర నౌకరీ ఇస్తామన్నారు. ఒకటో తారీఖున వచ్చి, పగలంతా నిటారుగా నిలబడితే చాలు. యాదయ్య సగటు కాలు తొడుక్కుని లేచాడు. పక్కకు వాలాడు.

"ఏందయ్యా, పతంగి లెక్క గట్ల వంగినవ్?" అంది భార్య ఎల్లమ్మ.

"నేనేడ వంగిన? సర్కారే వంచింది."

"జర ఆగు, సర్కారును నేను సాపు జేస్త" అని ఆమె వడ్రంగిని పిలిపించి, పిక్క దగ్గర మూడంగుళాలు కోయించి, పాదం మళ్ళీ బిగింపించింది. యాదయ్య నిలబడ్డాడు. నడిచాడు. చక్కగా నడిచాడు! కొంప మునిగింది.

రెండు వందల పది మంది కుంటుతుంటే ఒక్కడు తిన్నగా నడవడమా? ఎవరి సిఫార్సు? అని కాలనీల్లోని మేధావులమంతా అట్టుడికిపోయి మహజరు రాశాం. మొదటి సంతకం మా కాలనీ ప్రెసిడెంటుగారిది. షుగరు మనిషి, రోజూ మూడు మైళ్ళు నడిచేవాడు, నడక విలువ తెలిసినవాడు.

విచారణ జరిగింది.

"గవర్నమెంటువారి మూడంగుళాలు ఏం చేశావయ్యా?" అన్నారు విశ్వేశ్వరరావుగారు.

"పొయ్యిల వెట్టినం సారూ. చాయ్ కాసుకున్నం."

ఆయన చలించిపోయారు. రేపటిలోగా కొత్త ముక్క అతికించుకుని సగటుకు తిరిగి రావలసిందిగా ఉత్తర్వు వేశారు.

"ఎల్లుండే నౌకరీ సారూ! ముక్క అతికిస్తే నిలవడరాదు. అందరు సమానమైతే మీరు గూడ ఒక్క దినం తొడుక్కొని చూడున్రి."

"ఎంత మాటయ్యా! నాకు రెండు కాళ్ళూ ఉన్నాయి. నేనొకటి తీసుకుంటే ఇంకొకరికి అన్యాయం కాదూ?"

మేమంతా చప్పట్లు కొట్టాం. మా చేతులు ఖాళీయే మరి.

ఒకటో తారీఖున యాదయ్య ముక్క అతికించిన కాలితో గేటు దాకా వాలుతూ వెళ్ళి, వాలుతూ తిరిగొచ్చాడు. ఆ నౌకరీ ప్రెసిడెంటుగారి బావమరిదికి దక్కింది. బుద్ధిమంతుడు, రెండు కాళ్ళూ సమానం. సిఫార్సు ఉత్తరం మీద నేనూ సంతకం చేశాను. నా కింద ఉన్న సంతకం, చూడబోతే, మీ సంతకంలాగే ఉంది.