సస్పెన్స్ లేని కేసు

హత్య కేసులను నవలలుగా అచ్చువేసి శాఖా గ్రంథాలయాలకు పంపడం మొదలై ఆరేళ్లయింది. ఏడాదిలోగా వందమంది చదివి ముద్ర వేయించుకుంటే కేసు కోర్టుకు వెళుతుంది, లేకపోతే పుస్తకం తూకానికి వెళుతుంది. జనానికి ఈ పద్ధతి నచ్చింది, చదవడానికి ఏదో ఒకటి దొరుకుతోంది కదా.

చినరావులపాలెంలో ఆ నవలలన్నీ చదివిన మనిషి రిటైరైన డ్రిల్లు మాస్టారు పరంజ్యోతి ఒక్కడే. గ్రంథాలయం అభిప్రాయాల పుస్తకంలో మొహమాటం లేకుండా రాసేవాడు. పాయసంలో విషం కలిపిన కేసుకు “అమోఘం! అన్నం చల్లారిపోయినా లేవలేదు” అని రాస్తే, పదకొండు రోజుల్లో వంద దాటింది. కవలల కేసుకు “ఇది పాఠకుణ్ణి మోసం చేయడమే” అని రాశాడు. అది ఎనభై దగ్గర ఆగిపోయింది, చనిపోయినవాడి తల్లి ఊరొదిలి వెళ్లిపోయింది. మాస్టారు మరో పుస్తకం తీసుకున్నాడు.

నిరుడు ఆయన తమ్ముడు ప్రకాశం నవలగా వచ్చాడు. మిల్లు మురికినీళ్లు చేలోకి వదులుతున్నారని ఫిర్యాదు చేసిన వారానికి చచ్చిపోయినవాడు. తొంభై రెండు పేజీలు. గడువు ఇంకా పదిరోజులుంది, ముద్రలు ముప్పై ఏడు.

“ఒక్కసారి చదువు వీరాస్వామీ, నీకు దణ్ణం పెడతాను,” అని మాస్టారు బట్టల కొట్టాయన్ని బతిమాలాడు.

“మొదటి పేజీ చదివాను మాస్టారూ. ఎవరు చంపించారో ఊరందరికీ తెలిసిందేగా! ఇంకా తిప్పి చూసేదేముంది?”

చదివే హాలులోని ఆరు ఫ్యాన్లూ ఆ చంపించినాయన ఇచ్చినవే. రెక్కల మీద ఎర్రరంగుతో ఆయన పేరు రాయించారు. తిరుగుతున్నంతసేపూ కనిపించదు.

లైబ్రేరియన్ నాంచారమ్మ అభిప్రాయాల పుస్తకం ముందుకు జరిపింది. “మీరైనా నాలుగు మంచి ముక్కలు రాయండి మాస్టారూ. మీ మాట చూసే కదా అందరూ తీసుకెళ్లేది.”

మాస్టారు పెన్ను తీశాడు. “వాడు నా తమ్ముడు” అని రాశాడు. అది అభిప్రాయం కాదు గనక కొట్టేశాడు. హంతకుడి పేరులో మొదటి అక్షరం రాసి, పైకి చూసి, అదీ కొట్టేశాడు. ఏడుపొచ్చింది. చివరికి “సస్పెన్స్ లేదు” అని రాసి, ఎప్పటిలాగే తేదీ వేసి సంతకం పెట్టాడు.

“కొత్తది వచ్చింది, చివరిదాకా తెలియదట,” అంది నాంచారమ్మ, ఆయన మొహం చూడకుండా. మాస్టారు తీసుకుని కూర్చున్నాడు.

ఇంతలో కరెంటు పోయింది. ఫ్యాన్లు నెమ్మదిగా ఆగాయి. హాలులో ఉన్నవాళ్లంతా తలలు దించుకుని చదువుకున్నారు. మాస్టారు కూడా దించుకున్నాడు. అరవయ్యో పేజీ దాకా హంతకుడెవరో నిజంగానే తెలియలేదు.