వరదకు ఒడిబియ్యం

విపత్తు ముగిసిందని ప్రభుత్వం ప్రకటించిన రోజున, రాళ్లవాగు కాలనీ మూడో గల్లీ వాళ్లు వరదను పోనివ్వకుండా ఆడబిడ్డలాగా తమ దగ్గరే ఉంచుకున్నారు. ఊరంతా ఎండిపోయినా ఆ గల్లీలో మాత్రం మోకాలి లోతున అది పడుకుని ఉంది. ఇందులో వింతేమీ లేదు. వరద ఉన్నన్నాళ్లే అదనపు బియ్యం, అది పోగానే మళ్లీ పాత కోటా అని ఉత్తర్వు చెప్పింది. పాత కోటా నెల సగానికే అయిపోతుందని ఉత్తర్వు రాసినవాడికి తెలియదా? తెలుసు. తెలిసే రాశాడు.

ఆ గల్లీలోని కొమురవ్వ కొడుకు చనిపోయి ఏడాది కూడా కాలేదు. కోడలు సుగుణ కుట్టుమిషన్ తొక్కుతుంది. చంకలో పిల్ల. వరద వచ్చాకే ఆ ఇంట్లో రెండు పూటలా పొయ్యి వెలిగింది. అందుకే నీళ్లు వెళ్లడానికి సర్దుకుంటున్నట్టు కనబడగానే కొమురవ్వ వాకిట్లోకి దిగి వాటికి బొట్టు పెట్టింది. పుట్టింటికొచ్చిన ఆడబిడ్డ ఒడిబియ్యం పోయించుకోకుండా పోతదా అని అడిగింది. వరదకు మర్యాద తెలుసు. ఆగింది.

గల్లీ అంతా పండగైపోయింది. మంచాల కోళ్ల కింద ఇటుకలు పెట్టుకున్నారు. వంటింట్లోనే చేపలు పట్టుకున్నారు. పెళ్లిళ్లకు వాయించే బ్యాండు వాళ్లు పైసా అడక్కుండా వచ్చి, మోకాలి లోతు నీళ్లలో నిలబడి వాయించి పోయారు.

ఆ బ్యాండు మోత విని పౌరసరఫరాల డిప్యూటీ తహసీల్దారు నరహరి వచ్చాడు. ప్యాంటు మడిచి, బూట్లు చేత్తో పట్టుకుని, ఖాళీ చేయమని నీళ్లకు నోటీసు చదివి వినిపించాడు. నీళ్లు శ్రద్ధగా విన్నాయి, కదల్లేదు.

"అవ్వా, జర దీన్ని తోలియ్యి. లేకుంటే నా నౌకరి మీదికొస్తది" అన్నాడు.

"మేమేడ ఆపినం సారూ. ఒడిబియ్యం పొయ్యంది ఎట్ల తోల్తం? మీ అక్కనైతే మీరు ఉత్తగనే తోల్తరా?"

నరహరికి ముగ్గురక్కలు. ఒకసారి ఉత్తగా పంపి, ఇప్పటికీ మాటలు పడుతున్నాడు. న్యాయమేనని ఒప్పుకుని, మరి పోయండి అన్నాడు. బియ్యం ఆపింది మీరే కదా, ఏం పొయ్యాలె అంది కొమురవ్వ.

అతడు పైకి రాశాడు. వరద ఉంటేనే బియ్యమని పైవాళ్లు జవాబిచ్చారు. ఉందని రాశాడు. ఉంటే ఇవ్వాల్సిందే కదా, లారీ పంపారు. వరదను పంపించడానికే పంపారు.

గల్లీ ఆడవాళ్లంతా కూడి, పసుపు కలిపిన బియ్యం నీళ్ల ఒడిలో పోశారు. ఆడబిడ్డ అందులోంచి అయిదు పిడికిళ్లు తీసి పుట్టింట్లో వదిలి వెళ్లడం ఆనవాయితీ. వరద పిడికిలి పెద్దది. అయిదోసారి తీసేసరికి లారీ బియ్యమంతా గడపల మీదికి చేరింది. ఒడి ఖాళీ అయింది.

"ఖాళీ ఒడితోటి ఎట్ల పోతది" అన్నది ఎవరో కాదు, నరహరే. వచ్చే నెలకు ఇంకో లారీ కావాలని అక్కడే నిలబడి రాశాడు.

నాలుగో గల్లీ వాళ్లు అతడి దారికి అడ్డం నిలబడ్డారు. తమ దగ్గర నీళ్లు లేవు గానీ ఆకలి మాత్రం నిండుగా ఉందన్నారు. ఒట్టి ఆకలికి రూల్సులో ఏమీ లేదని, మునిగితే చూస్తామని అతడు ఓపికగా చెప్పాడు. వాళ్లు పారలు తెచ్చి, పాటలు పాడుకుంటూ కాలువ తవ్వి, వరదను తమ ఇళ్లకు కూడా పిలుచుకున్నారు.

కొమురవ్వ మనవరాలు నీళ్లలోనే నడక నేర్చింది. ఒకరోజు సుగుణ తల్లిగారింటికి తీసుకుపోయి పొడి నేల మీద నిలబెడితే గుక్కపట్టి ఏడ్చింది. పిల్లకేమైందోనని సుగుణ దిగులుపడుతూ తిరిగొచ్చింది.

కొమురవ్వ పిల్లను ఎత్తుకుని నీళ్లలో దింపి నవ్వింది.

"దానికేమైతదే, తెలివున్న పిల్ల. పొడి నేల మీద మనకెవడన్న బువ్వ పెట్టిండా?"