రీలు లేని షూటింగు

ఆడవాళ్ళకు మన దేశంలో ఆటలు లేవని ఎవరండీ అన్నది? టిక్కెట్టు కొనుక్కుని ఏ టాకీకైనా వెళ్ళి చూడమనండి! అక్కడ ఆడవాళ్ళు ఆడుతున్నన్ని ఆటలు ఒలింపిక్సులో కూడా ఆడరు.

ఏళ్ళ తరబడి సినిమాలు చూసి, వాటి మీద పత్రికల్లో రాసి పొట్ట పోసుకుంటున్నవాణ్ణి. నా మాట నమ్మండి. స్త్రీల క్రీడలకు సినిమా చేసిన మేలు ఏ వ్యాయామశాలా చేయలేదు, చేయబోదు.

ముందు ఆరోగ్యం సంగతి చూడండి. మామూలు మనిషి పరుగెత్తితే చెమట పడుతుంది, ఆయాసం వస్తుంది, జుట్టు రేగిపోతుంది. సినిమాలో నాయిక మైలు దూరం పరుగెత్తినా బొట్టు చెదరదు. జడలో మల్లెపూవు ఒక్కటి రాలదు. పైగా పరుగు మధ్యలో ఒక పాట, చరణాలతో సహా! అంత ఊపిరి మిగిలిపోతోందంటే అది ఎంత గొప్ప ఆరోగ్యం!

బ్యాడ్మింటన్ తీసుకోండి. నాయిక కొట్టిన బంతి ఏనాడైనా నెట్టు దాటి అవతలి కోర్టులో పడిందా? తిన్నగా వెళ్ళి గోడ పక్కన నడిచిపోతున్న నాయకుడి నెత్తిమీద పడుతుంది. ఆట అక్కడితో సరి. తర్వాత పాయింట్లు ఎన్ని వచ్చాయని అడిగిన ప్రేక్షకుణ్ణి నేనింతవరకూ చూడలేదు. సైకిలు ఎక్కితే గుంతలో పడాలి. ఈతకు దిగితే మునగాలి. రెండుసార్లూ అతగాడే వచ్చి లేవనెత్తాలి. ఆటల వల్ల పెళ్ళిళ్ళు ఇంత త్వరగా కుదురుతుంటే కన్నవాళ్ళు సంతోషించాలి గాని సణుగుతారేం?

పోనీ, కప్పు గెలిచిందే అనుకోండి. ఆఖరి రీలులో ఏం చేస్తుంది? ఆ కప్పు తీసుకెళ్ళి అత్తగారి పాదాల దగ్గర పెట్టి, ఇక నా ఆటలన్నీ ఈ ఇంట్లోనే అంటుంది. హాలంతా చప్పట్లు! తర్వాత ఆ కప్పులో పాలు తోడు పెడతారు కాబోలు, అది మాత్రం చూపించరు.

ఈ మేలంతా పట్నానికే పరిమితం అనుకునేరు! శంషాబాద్ దాకా పాకింది. నేను కళ్ళారా చూశాను.

పోయినేడు చలికాలంలో ఒక కంపెనీవారు గగన్‌పహాడ్ గుట్టల దగ్గర షూటింగు పెట్టారు. పత్రిక తరపున నేనూ వెళ్ళాను. కథలో జమీందారు కూతురు పల్లెపడుచులతో చెడుగుడు ఆడి గెలవాలి. నాయికగారు పట్టుచీర నేల ఊడుస్తుండగా కారు దిగారు. కూత పెట్టమంటే రెండో గుడుగుడు దగ్గరే దగ్గు వచ్చింది. దుమ్ము చూడగానే తుమ్ములు మొదలయ్యాయి. డైరెక్టరుగారు తల పట్టుకుని కూర్చుని, చివరికి ఒక నిర్ణయానికి వచ్చారు.

"ముఖం వీరిదే తీద్దాం. కాళ్ళు మాత్రం ఇంకెవరివైనా తెండి!"

ఆ కాళ్ళు రుక్కమ్మవి. శంషాబాద్‌లో కూలికి కోతలు కోసే మనిషి. గోచి పోసి చీర బిగించి కూత అందుకుందంటే, అవతలి బరిలో ఇద్దరిని తాకి తిరిగొచ్చేదాకా ఊపిరి తెగదు. ఎడమ పిక్క మీద చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు ఉంది. కంపెనీవారు ఆమెకు నాయిక చీరలాంటిదే మరొకటి కట్టించి పొద్దంతా ఉరికించారు. ముఖం మాత్రం ఇటు తిప్పొద్దని ప్రతి షాటుకూ హెచ్చరించారు.

సరిగ్గా ఆ రోజే శంషాబాద్ కల్లంలో అసలు చెడుగుడు జరుగుతోంది. కోతలు ముగిశాక ఆ ఊరి కూలి ఆడవాళ్ళకూ గగన్‌పహాడ్ ఆడవాళ్ళకూ ఏటా జరిగే పోటీ అది. రుక్కమ్మ లేక శంషాబాద్ ఓడిపోయింది. పోతేనేం? ఆమె కాళ్ళతో నాయికగారు గెలిచారు కదా! ఏడాదంతా సంతలో గగన్‌పహాడ్ వాళ్ళు ఎదురైనప్పుడల్లా రుక్కమ్మ తల దించుకుని పక్కకు తప్పుకుందట. అలాంటి చిన్న విషయాలు కళాసేవలో లెక్కలోకి రావు.

ఈ ఏడు మళ్ళీ కోతలు ముగిసే వేళకు ఆ చిత్రం శంషాబాద్ డేరా టాకీసుకు వచ్చింది. పల్లెవాళ్ళు ఎలా చూస్తారో చూద్దామని నేనూ బస్సెక్కి పోయాను. డేరాలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, నడుమ పరదా. అందరికన్నా ముందు ఇంటినుంచి తెప్పించుకున్న కుర్చీలో ఊరి పెద్ద అనంతయ్య పటేల్.

చెడుగుడు ఘట్టం వచ్చింది. తెర మీద నాయికగారి ముఖం నవ్వింది. వెంటనే ఒక నల్లటి పిక్క బాణంలా దూసుకుపోయింది. మళ్ళీ తెల్లటి ముఖం నవ్వింది. పటేల్‌గారు కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టారు.

"శెభాష్! ఆడిదంటె గిట్లుండాలె!"

అంతలో పరదా అవతలి నుంచి ఈరమ్మ అనే ముసలామె గొంతు డేరా అదిరేలా వినిపించింది. "ఓ రుక్కీ! గది నీ తేలే గదనే!"

ఆడవాళ్ళంతా పకపకా నవ్వారు. పటేల్‌గారి చప్పట్లు సగంలో ఆగిపోయాయి. ఇంతసేపూ తాను మెచ్చుకున్నది తన పొలంలో కూలిమనిషి పిక్కనా! పాపం, ఆయన అవస్థ చూస్తే నాకే జాలేసింది.

తెల్లవారేసరికి పటేల్‌గారి హుకుం వచ్చింది. ఇకమీదట ఆడవాళ్ళెవరూ కల్లంలో చెడుగుడు ఆడరాదు! నేను వెళ్ళి, నిన్న తమరే మెచ్చుకున్నారు కదా అని అడిగాను.

"గది సినిమ, పంతులూ. తెర మీద ఆడితె కళ. కల్లంల ఆడితె ఊరి ఇజ్జత్ పోతది" అన్నారు.

చూశారా ఎంత సూక్ష్మమైన విచక్షణ! అదే పిక్క, అదే తేలు, అదే పరుగు. తేడా అంతా తెరలోనే ఉంది. మనవాళ్ళకు ఆడవాళ్ళు ఆడితే కోపమని లోకం అనవసరంగా ఆడిపోసుకుంటోంది. ఆట నిజం కాకపోతే చాలు, మనంత రసికులు లేరు!

బయటికి వస్తే అరుగు పక్కన రుక్కమ్మ కొడవలి పట్టుకుని నిలబడి ఉంది.

"పోయినేడు మీ సినిమోల్ల కోసం పోయి మావోల్లను ఓడగొట్టిన. గీ ఏడు గెలిచి ఆ మాట కడుక్కుందామంటె ఆటే బందైంది. ఇగ గగన్‌పహాడోల్లు మేం భయపడి తప్పుకున్నమంటరు. నాకు పానం ఉసూరుమంటున్నది పంతులూ."

సినిమా కళ గురించి రెండు ముక్కలు చెబుదామనుకున్నాను గాని, ఆ కొడవలి చూసి మానుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"మీ తాన గా నల్లగుడ్డ ఉన్నదా?"

"ఏ నల్లగుడ్డ?"

"గదే, ఫోటువ తీసే పెట్టె మీద కప్పి, తలకాయ లోపల పెడ్తరు సూడు."

నా గొడుగు ఆ విధంగా కళామతల్లికి అంకితమైంది. గుడ్డ ఊడదీసి, మూడు వెదురు కర్రల మీద నిలబెట్టిన చిన్న చెక్క సందుగ మీద కప్పాం. ముందువైపు లెన్సు ఉండాల్సిన చోట ఈరమ్మ ఇత్తడి చెంబు. యుద్ధం పుణ్యమా అని పెద్ద పెద్ద కంపెనీలు ఫిలిము దొరకనివ్వని కంట్రోలుతో అల్లాడుతున్నాయి. మా పెట్టెకు ఆ బాధే లేదు!

షూటింగు అనగానే పటేల్‌గారి ముఖం చేటంత అయింది. తానే దగ్గరుండి కల్లంలో నీళ్ళు చల్లించారు. రెండు ఊళ్ళనూ పిలిపించారు. మజ్జిగ పంపమని ఇంటికి కబురు పెట్టారు. తలపాగా కొత్తది చుట్టుకొచ్చి చెంబు ముందు నిలబడి, "నన్ను గూడ జర తియ్యుండ్రి" అన్నారు. తీశాను. పక్కకు తిరగమని మరొకటి కూడా తీశాను.

ఆట మొదలైంది. అయ్యా, నేను చూసిన సినిమాలన్నింటిలోనూ అలాంటి ఆట లేదు! ఒకరి మోచెయ్యి చీరుకుపోయింది. ఒకరి కొప్పు ఊడి వీపు మీద పడింది. దుమ్ములో ఎవరి ముఖం ఎవరిదో తెలియలేదు. ఎవరూ పాట పాడలేదు. గగన్‌పహాడ్ వాళ్ళు రాళ్ళలాంటి మనుషులు, అంగుళం వదల్లేదు. అంతలో శంషాబాద్ జట్టులో ఒకామెకు కాలు బెణికింది. ఒక మనిషి తక్కువైంది.

అప్పుడే పటేల్‌గారి కోడలు కౌసల్యమ్మ మజ్జిగ కుండ పట్టుకుని వచ్చింది. నలుగురిలో తల ఎత్తి ఎరగని పిల్ల. కందుకూరులో పుట్టింట ఉన్నప్పుడు చెడుగుడు ఆడేదని తర్వాత తెలిసింది. ఆమె కుండ దించింది. కొంగు నడుముకు బిగించింది. ఎవరినీ అడగకుండా బరిలోకి నడిచింది.

పటేల్‌గారు కుర్చీలోంచి లేచారు. "కౌసల్యా! ఏందే గిది..."

నేను గొడుగు గుడ్డలోంచే గర్జించాను. "సైలెన్స్! సౌండు తీస్తున్నాం!"

ఆయన నోరు చేత్తో మూసుకుని కూర్చున్నారు. కల్లమంతా చీమ చిటుక్కుమనలేదు. ఆ నిశ్శబ్దంలో కౌసల్యమ్మ కూత ఒక్కటే వినిపించింది. చెడుగుడు గుడుగుడు గుడుగుడు... ముందు వణికింది, తర్వాత నిలబడింది. ఆ ఊపిరంతా ఇన్నాళ్ళూ ఆ ఇంట్లో ఎక్కడ దాచుకుందో! గుడ్డ లోపల నా కళ్ళు తడిశాయని చెప్పడానికి సిగ్గుపడను. ఒకామెను తాకి వెనక్కి తిరిగింది. మిగిలినవాళ్ళు పట్టేశారు. నవ్వుకుంటూ బయటికి వచ్చింది. ఆ తర్వాత రుక్కమ్మ కూతకు వెళ్ళింది. మిగిలినవాళ్ళ సంగతి ఆమే చూసుకుంది. శంషాబాద్ గెలిచింది. పిక్క మీది తేలు దుమ్ములో పూర్తిగా మునిగిపోయింది గాని, ఈసారి ముఖం అందరికీ కనిపించింది.

జనం సద్దుమణిగాక పటేల్‌గారు నా దగ్గరికి వచ్చి గొంతు తగ్గించి అడిగారు. "మా కోడల్ది గూడ పడ్డదా?"

"పడింది."

"బొమ్మ ఎప్పుడొస్తది?"

"కంట్రోలు ఎత్తేశాక."

నేను పెట్టె విప్పబోతుంటే రుక్కమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "ఈడనే ఉండనియ్యుండ్రి పంతులూ. మల్ల ఏడుకు గావాలె." ఆమె వెనకనుంచి కౌసల్యమ్మ అటూ ఇటూ చూసి మెల్లిగా అంది. "నడుమ నడుమ మా వాకిట్ల గూడ పెట్టుండ్రి."

కాబట్టి పాఠకులారా, స్త్రీల క్రీడలకు సినిమా మేలు చేయలేదని ఎవరైనా అంటే నా దగ్గరికి పంపండి. ప్రతి ఊరికీ ఒక సందుగ, ఒక చెంబు, ఒక పాత గొడుగు ఇప్పించమని సర్కారుకు అర్జీ పెడదాం.

అనంతయ్య పటేల్‌గారికి పత్రికలు చదివే అలవాటు లేదు గనుక ధైర్యంగా ఇదంతా అచ్చు వేయిస్తున్నాను. మీలో ఎవరైనా ఆయనకు చదివి వినిపించదలిస్తే, ఇది జరిగిన సంగతని మాత్రం చెప్పకండి. కొత్త సినిమా కథ అని చెప్పండి. లేచి నిలబడి చప్పట్లు కొడతారు.